ఏడో సాలు చామంతులు

ఆ నేల చెక్కలోకి పోయేటప్పుడు వేసుకునే చెప్పులు వేరు. నీలం రబ్బరు చెప్పులు. గ్రీన్ నెట్ గేటు లోపలే ఉంటాయి, బయటికి రావు. గేటు దగ్గర సిమెంటు తొట్టిలో బ్లీచింగ్ నీళ్లు. బయటికి వచ్చేటప్పుడు కాళ్లు అందులో ముంచి, సొంత చెప్పులు వేసుకుని ఇంట్లోకి రావాలి. పార, కత్తి, బకెట్టు అన్నీ అక్కడివి అక్కడే ఉండాలి. రూలు ఆత్మకూరు పూల పరిశోధన ఆఫీసులో దివ్యశ్రీ మేడం పెట్టింది, కాపలా నాది. ఉదయగిరి కొండ కనిపించే మా ఇంటి వెనక పది సెంట్ల నేలలో చామంతి ఎండు తెగులును పెంచడం, అది గేటు దాటకుండా చూడటం, ఇదీ నా ఉద్యోగం. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే పూల మొక్కల ప్రాజెక్టు అని చెప్పేదాన్ని. జబ్బును పెంచుతున్నానంటే ఎవరు మాత్రం మా ఇంటికొచ్చి కాఫీ తాగుతారు?

ఆ తెగులు ఎట్లా వస్తుందో చెప్పాలి. మొదట మొక్కకు ఒక పక్క ఆకులే పసుపు తిరుగుతాయి. రెండో పక్క పచ్చగానే ఉంటుంది కాబట్టి నీళ్లు చాలలేదేమో అనుకుని రైతు ఇంకాస్త పెడతాడు. ఆ నీళ్లతోనే అది పక్క మొక్కకు పోతుంది. వారం పది రోజులకు మొక్క తల వాలుస్తుంది. మొదలు దగ్గర కాండం కోసి చూస్తే లోపల గోధుమ రంగు గీత కనిపిస్తుంది. మట్టిలో ఒకసారి పడిందంటే ఏళ్ల తరబడి చావదు. ఏ మందుకూ పూర్తిగా లొంగదు.

మా ఆఫీసువాళ్లు, తెగులుకు లొంగని ఒక చామంతిని మన నాటు చామంతితో కలిపి, పుట్టిన మొక్కలను ఆ జబ్బు మట్టిలో నాటిస్తారు. ఏది చస్తుంది, ఏది నిలబడుతుంది అని నేను రాసిపెట్టాలి. ఇంకో పక్క ప్రతి మొక్క నుంచీ చిటికెడు ఆకు తీసి ల్యాబుకు పంపిస్తారు. ఆకులోని డీఎన్ఏలో మార్కరనే ఒక గుర్తు ఉందో లేదో అక్కడ చూస్తారు. ఇది మా అమ్మ ఆనందమ్మకు చెప్పడానికి నేను మా చెవులు వాడుకున్నాను. అమ్మ వైపు వాళ్లకు కుడి చెవి పైన సూదితో గుచ్చినట్టు చిన్న గుంట ఉంటుంది. మస్తానయ్య మామకు ఉంది, అమ్మకు ఉంది, నాకూ ఉంది. ఆ గుంట వల్ల ఒరిగేదేమీ లేదు. కానీ అది ఉంటే ఆ ఇంటి మనిషేనని చెప్పొచ్చు. మార్కరూ అంతేనన్నాను. జబ్బును ఆపేది అది కాదు, ఆపేదాని పక్కనే ఉంటుంది.

"అయితే చెవి చూసి మీ మామ మొండితనం చెప్పొచ్చంటావు," అంది అమ్మ.

"చెప్పొచ్చు. నీది కూడా."

"మరి చెవి చూసి ఊరుకోక మొక్కల్ని చంపేదెందుకే?"

"గుర్తు చెప్పేది నిజమా కాదా తేలాలి గదా మా. ఒకసారి తేలిందంటే ఇంక ఏ మొక్కనూ చంపి చూడాల్సిన పన్లేదు."

అమ్మకు నచ్చలేదు. చావు చూసి రాసుకోవడానికి జీతమేందని పొయ్యి దగ్గర సణిగింది. అయినా రూలు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. నేను ఊళ్లో లేనప్పుడు ఆ చెక్కకు నీళ్లు పెట్టేది అమ్మే. నీలం చెప్పులు వేసుకునే పోయేది, కాళ్లు ముంచుకునే వచ్చేది.

అక్టోబరు మూడో వారానికి నూట అరవై మొక్కల్లో సగం పైగా చచ్చిపోయాయి. ఎనిమిది సాళ్లలో ఏడో సాలు ఒక్కటే కళగా ఉండేది. ఇరవైలో పన్నెండు నిక్కబొడుచుకుని నిలబడి మొగ్గ కూడా వేశాయి. తొలి విడత ఆకులు ముందే ల్యాబుకు పోయాయి. మిగిలిన వాటి ఆకులు చిన్న చిన్న ట్యూబుల్లో వేసి, ఐస్ బాక్సులో పెట్టుకుని, శనివారం పొద్దున్నే ఆత్మకూరు బస్సెక్కాను. ఆఫీసులో రెండు రోజుల పని. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చి, మొహం కూడా కడుక్కోకుండా చెక్క దగ్గరికి పోయాను.

ఏడో సాలులో పన్నెండు గుంటలు ఉన్నాయి.

ఎవరో దొంగలు పడ్డారనుకున్నాను. దొంగలైతే గుంటలు అంత శుభ్రంగా ఎందుకు తవ్వుతారు? గబగబా ఇంట్లోకి వచ్చాను. అమ్మ తెల్ల చీరలోనే ఉంది, చర్చి నుంచి వచ్చి ఇంకా మార్చుకోలేదు.

"మా, ఏడో సాలు మొక్కలు ఏమైనాయి?"

"దేవుడికిచ్చినా."

"ఏంది?"

"కోతపండుగ గదా ఇయ్యాల. అందురూ గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం తీసుకుపోతుంటే నేను ఒట్టి చేతుల్తో ఎట్టా పోయేది? అంత చావు మధ్యలో పన్నెండు మొక్కలు నిలబడి ఉండాయి. అవి దేవుడివి గాకపోతే ఇంకెవురివి?"

"మట్టితో సహానా?"

"మట్టి లేకుండా మొక్క యాడ బతుకుతాదే? నువ్వేనా బీఎస్సీ చదివింది! పాత డబ్బాల్లో చక్కగా పెట్టి ఆటోలో తీసుకుపోయినా. నీ చెప్పులేసుకునే తవ్వినా. కాళ్లు కూడా ముంచినాలే, అట్టా చూడబాక."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. కాళ్లకు అంటిన మట్టిని నీళ్లలో కడిగి, పన్నెండు డబ్బాల మట్టిని గేటు దాటించింది. అమ్మను అనడానికి లేదు. చెప్పులు, కాళ్లు, తొట్టి అని రోజూ చెప్పిన నేను, మట్టి పోకూడదు అనే ఒక్క మాట ఎప్పుడూ నోటితో చెప్పలేదు. అది ఎవరికైనా తెలిసే ఉంటుందనుకున్నాను.

కోతపండుగకు తెచ్చినవన్నీ ఆరాధన అయ్యాక చర్చి ముందరే వేలం వేస్తారు. అమ్మ తెచ్చినది ఏదైనా సరే, మామే పాడుకుంటాడు. చెల్లెలి అర్పణ ఇంకొకరి ఇంటికి పోతే ఆయనకు నామోషీ. ఒక ఏడాది నిమ్మకాయ ఊరగాయ జాడీ కోసం సంఘపెద్దతో పోటీపడి పాడాడు. ఇప్పుడు ఎవరు పాడుకున్నారని నేను అడగనక్కర్లేదు, అయినా అడిగాను.

"ఇంకెవురు, మీ మామే. చేన్లో నాటుకుంటానని అప్పటికప్పుడే బండికి కట్టుకుని పోయినాడు."

మామకు వరికుంటపాడు దారిలో ఎకరం నేల ఉంది. నాయన చనిపోయాక మమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపించింది ఆయనే. వేరుశనగ రెండేళ్లు వరసగా దెబ్బతింటే, మొదటిసారి ఆ ఎకరమంతా చామంతి వేశాడు, క్రిస్మస్‌కు పూలొచ్చేటట్టు. ఆ చేనే ఆయనకున్నదంతా.

ఆ నిమిషాన చెప్పి ఉండాల్సింది. అమ్మకు, మామకు, మేడానికి, ముగ్గురికీ చెప్పాలి. చెప్పలేదు. మేడానికి చెబితే ఉద్యోగం పోతుందని భయం. అమ్మకు చెబితే, దేవుడికని తానిచ్చినది అన్న చేనుకు జబ్బయిందని తెలిసి ఏమైపోతుందోనని భయం. మామకు చెప్పడమంటే నోరే రాలేదు. పొద్దున్నే పోయి చప్పుడు కాకుండా ఆ మొక్కలు వెనక్కి తెచ్చేస్తే సరిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉన్నవాళ్ల తెలివి అంతే.

పొద్దున ఏడింటికల్లా స్కూటీ మీద మామ చేను దగ్గరున్నాను. ఆయన మోటారు వేసి గట్టు మీద నిలబడి ఉన్నాడు. పన్నెండు మొక్కలు ఎక్కడ పెట్టాడా అని వెతికాను. నీళ్లు పడే పైపు కిందే, కాలువ మొదట్లో, వరసగా పెట్టాడు. నీళ్లు వాటి పాదులు తడిపి, అక్కడి నుంచి చేను మొత్తానికీ పోతున్నాయి. చేను చివర గట్టు తెంపి ఉన్నచోట మిగిలిన నీళ్లు కింది చేను సిద్ధయ్య చామంతిలోకి దిగుతున్నాయి.

"ఇక్కడ పెట్టినావేంది మామా?"

"దేవుడి మొక్కలు గదా పాపా, మొదటి నీళ్లు వాటికే," అన్నాడు. "అవునుగానీ, ఒక్కోదానికి ఒక్కో చీటీ కట్టుండాది. ఏడు-నాలుగు, ఏడు-తొమ్మిది, ఏడు-పదహారు. అధ్యాయం, వచనం అని తెలుస్తానే ఉండాది. ఏ పుస్తకమో రాయలేదే మీ అమ్మ? నిన్నంతా మత్తయిలో చూసినా, యోహానులో చూసినా."

అవి నేను కట్టిన నంబర్లు. ఏడో సాలు, నాలుగో మొక్క. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని.

"మామా, ఆ మొక్కలు నాకు ఇచ్చెయ్యి. ఆఫీసోళ్లు అడుగుతుండారు."

"ఆఫీసోళ్లు వేలానికి రావాల్సింది," అని నవ్వాడు. "దేవుడి ముందర పాడుకున్నా. వెనక్కిస్తే బాగుంటాదా? మీ అమ్మ మొహం చూసేదెట్టా?"

ఇంకొక్క మాట చెప్తే ఇచ్చేవాడు. జబ్బు అనే ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. మోటారు చప్పుడులో అది లోపలే ఉండిపోయింది.

బండి మీద తిరిగి వస్తూ ఒక కథ అల్లుకున్నాను. ఆ పన్నెండూ చావలేదంటే వాటికి గుర్తు ఉన్నట్టే. గుర్తు ఉంటే జబ్బు రాదు. జబ్బు లేని మొక్క ఎవరికేం చేస్తుంది? ల్యాబు నుంచి మార్కరు ఉందని వస్తే మామ చేను గట్టెక్కినట్టే. ఇది తప్పని నాకు తెలుసా అంటే, తెలిసే ఉండాలి. తెలుసుకోవాలని అనిపించలేదు. ఫోను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. అన్నం సయించేది కాదు. ఈ పిల్ల ఎండిపోతోంది, సంబంధాలు చూడమంటుందేమో అని అమ్మ పక్కింటి ఆమెతో వేళాకోళం చేసింది.

ఆ తర్వాత వాయుగుండం పట్టింది. ఉదయగిరి పక్క వాన కోసం మొక్కని మనిషి ఉండడు. నేను పుట్టినప్పటి నుంచీ మా చర్చిలో వానల కోసం ప్రార్థన చేయని సెప్టెంబరు లేదు. ఆ బుధవారం స్త్రీల కూడికలో, రేకుల మీద వాన దబదబా కురుస్తుంటే అమ్మ కన్నీళ్లు కారుస్తూ స్తోత్రం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం తలదించుకుని, దేవా ఆపు, ఆపు, చాలు ఆపు, అని అడుగుతున్నాను. మా ఊళ్లో ఇప్పటిదాకా ఎవరూ చేయని ప్రార్థన అది. నా మీద నాకే అసహ్యమేసింది. వాన నాలుగు రోజులు ఆగలేదు.

నవంబరు మొదటి వారంలో, శుక్రవారం మధ్యాహ్నం, మేడం ఫోను చేసింది. గొంతులో సంతోషం.

"కరుణా, ఏడో సాలులో బతికినవి పన్నెండు కదా? పన్నెండుకు పన్నెండింటికీ మార్కరు ఉంది. చచ్చిన ఎనిమిదింటిలో ఒక్కదానికీ లేదు. మార్కరు నిజం చెబుతోంది. నాలుగేళ్ల పని ఇది!"

"అయితే వాటికి జబ్బు లేనట్టే కదా మేడం?"

"లేకపోవడమేమిటి? ఆ మట్టిలో పెరిగాయి కదా. వేళ్లలో, మట్టిలో ఉంటుంది. వాటికి మాత్రం ఏమీ కాదు, అంతే. పక్కనున్న మామూలు మొక్కలకు అంటిస్తాయి. అందుకే కదా గేటు, తొట్టి అన్నీ. వాటిని జాగ్రత్తగా చూసుకో."

సరే మేడం అన్నాను. ఫోను పెట్టేసి అక్కడే కూర్చున్నాను. అమ్మ కంచంలో అన్నం పెట్టి పిలిచింది. పోయి కంచం ముందు కూర్చున్నాను, చెయ్యి పెట్టలేకపోయాను. పెద్దగా ఏడ్చేశాను. అప్పుడు చెప్పాను, మట్టి సంగతి, పైపు సంగతి, వాన సంగతి, అన్నీ.

అమ్మ పప్పు గిన్నె మీద మూత పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"కోతపండుగ దినమే."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "పందొమ్మిది దినాలు. పందొమ్మిది దినాలు నా ఎదురుగా కూర్చోని అన్నం తిన్నావు. నేను వానకు స్తోత్రం చెప్తుంటే పక్కనే కూర్చున్నావు."

"భయమేసింది మా."

"నాకు చెప్పుంటే ఇద్దురం భయపడుండే వాళ్లం గదే," అంది.

గొడుగు తీసుకోలేదు. నేను స్కూటీ తీసేసరికి చీర బొడ్లో దోపుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. బ్లీచింగ్ సంచి వెనక పెట్టుకుని ఇద్దరం తుంపరలో పోయాం.

మామ చేను మొదట్లో పన్నెండు మొక్కలూ విరగబూసి ఉన్నాయి. వాటి వెనక నాలుగు సాళ్లలో ఆయన మొక్కలు అక్కడొకటి అక్కడొకటి తలలు వాల్చేశాయి. ఒక పక్కే పసుపు తిరిగిన ఆకులు నాకు గట్టు మీద నుంచే కనిపించాయి.

"రా చెల్లీ, నీ మొక్కలు చూడు, ఎంత జోరుగా ఉండాయో," అన్నాడు మామ. "నావే ఎందుకో వానకు తట్టుకోలేకుండా ఉండాయి. నిన్న నీళ్లు గూడా బయటికి తీసేసినా."

బయటికంటే కిందకే, సిద్ధయ్య వైపుకే.

అమ్మ బురదలో అట్లాగే నిలబడి చెప్పింది. తప్పంతా తన మీదే వేసుకుని చెప్పింది. నేను అడ్డం పడ్డాను, నాకు ముందే తెలుసు మామా అన్నాను. ఆయన అమ్మను వదిలి నా వైపు తిరిగాడు.

"ఆ దినం పొద్దున్నే వచ్చినావే, ఆఫీసోళ్లు అడుగుతుండారని. ఇందుకేనా?"

"అవును మామా."

"నిజం చెప్పుంటే నీ ఎదురుగానే పెరికుండేవాణ్ణి గదా పాపా."

తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

తర్వాత అడిగింది ఒక్కటే, ఎంతదూరం పోయుంటుందని. కత్తి తీసుకుని సాలుకు ఒక మొక్క చొప్పున కాండం కోసి చూపించాను. గోధుమ గీత. ఇంకో సాలు, గీత. ఇంకోటి, గీత. ప్రతి కాండం దగ్గరా మామ వంగి చూసేవాడు. ఇరవై మూడో సాలులో కాండం లోపల తెల్లగా ఉంది. ఇంకో మూడు సాళ్లు చూశాను, తెల్లగానే ఉన్నాయి. ఇంకా ఐదు సాళ్లు కూడా కలుపుకుని అక్కడ హద్దు పెడదామని ఆయనే అన్నాడు. ఎకరంలో అది సగానికి కాస్త ఎక్కువ. అంతవరకూ మొగ్గ మీదున్న చామంతి మొత్తం ముగ్గురం చేతులతో పెరికి కుప్ప వేశాం. తడికి నిప్పు అంటుకోలేదు. గుంట తీసి సున్నంతో పూడ్చాం. అమ్మ తాను ఇచ్చిన పన్నెండు మొక్కలను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, తానే తీసింది. అప్పటికప్పుడే కిందికి పోయి మామ సిద్ధయ్యకు ఉన్నదున్నట్టు చెప్పొచ్చాడు.

ఆ సాయంత్రమే మేడానికి ఫోన్లో అంతా చెప్పాను. మరుసటి రోజు వచ్చింది. చేను చూసి ఆమె మొహం తెల్లబోయింది. ఉద్యోగం పోతుందనుకున్నాను. "నువ్వు పోతే ఈ రెండు చెక్కలూ ఎవరు చూస్తారు?" అంది. కోపంతోనే అంది.

ఇప్పుడు మామ చేను పై సగానికి కూడా గ్రీన్ నెట్ ఉంది, తొట్టి ఉంది, నీలం చెప్పులున్నాయి. ఈసారి మొదటి మాటే మట్టి గురించి చెప్పాను. కింది సగంలో తొలి పూలు క్రిస్మస్‌కు చర్చికి ఇచ్చాడు. ఏడో సాలు మొక్కల నుంచి ముందే తీసిన పిలకలు ఆఫీసులో ఉన్నాయి కాబట్టి పని ఆగలేదు. ఏడు-తొమ్మిది నుంచే కొత్త రకం వస్తుందని మేడం అంటోంది. అది మామకు చెప్పాను.

"అది నా చేన్లో బతుకుతాదా?"

"ఆ మట్టిలో ఇంక బతికే చామంతి అదొక్కటే మామా."

"ఎన్నేళ్లు పడతాది?"

"మూడేళ్లు. అన్నీ కుదిరితే."

"మీ అమ్మ సరైందే ఇచ్చింది," అన్నాడు. "తొందరపడింది, అంతే." అంటూ కుడి చెవి పైన గుంట రుద్దుకున్నాడు.

అమ్మలో ఒక్క మార్పు వచ్చింది. అన్నం పెట్టే ముందు, గరిటె చేతిలో పట్టుకుని, రోజూ ఒక మాట అడుగుతుంది. "నాకు చెప్పాల్సింది ఏమన్నా ఉండాదా?" లేదు మా అంటేనే వడ్డిస్తుంది. మొదట్లో నాకది శిక్ష లాగా ఉండేది. రానురాను అలవాటయింది. లేదు మా, లేదు మా అని రెండు నెలలు చెప్పాను.

నిన్న మధ్యాహ్నం మామ చేను నుంచి వస్తూ సిద్ధయ్య గట్టు మీద నడిచాను. మలి కాపు చామంతి పచ్చగా ఉంది. మూడో సాలు మొదట్లో ఒక్క మొక్కకు, ఒక పక్క ఆకులు మాత్రం పసుపు తిరిగి ఉన్నాయి. ఎండ దెబ్బేమో. నీళ్లు చాలలేదేమో. అక్కడే నిలబడి ఆ రెండూ అనుకున్నాను. వంగి కాండం విరిచి కూడా చూడలేదు.

ఇంటికొచ్చాను. కంచం పెట్టింది. గరిటె చేతిలో ఉంది.

"నాకు చెప్పాల్సింది ఏమన్నా ఉండాదా?"

కంచం పక్కకు జరిపాను.

"ఉండాది మా," అన్నాను.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి, కొంగు బొడ్లో దోపుకుంది.